మూతి మీద గాటు

తెల్లారకముందే రెండు బకెట్ల పొట్టురొయ్యలు
పడవలోకి ఎత్తుకుంటాను. ఉయాప్ అంటాం మేం.
బోహోల్ దీవి వెనక పొద్దు పొడిచేసరికి
నా పడవ కింద
లారీ అంత నీడ వచ్చి ఆగేది.

తుకీ. తిమింగల సొర.
వీపు నిండా తెల్లచుక్కలు.
ఏ రెండింటికీ ఒక్క తీరున ఉండవట,
ఫొటోలు తీసే జువెలిన్ చెప్పింది.
ఆమె పుస్తకంలో దీని పేరు నూట పదిహేడు.
నేను తిబుర్సియా అనేవాణ్ణి, మా నాయనమ్మ పేరు.
ఆవిడా ఇంతే, కంచం ముందునుంచి లేచేది కాదు.
మగదని తర్వాత తెలిసింది.
పేరు మార్చలేదు.

మా నాన్న ప్రిమితీవో రోజుల్లో
పడవ మీంచి దూకి దాని వీపున పడి
మూరెడు ఇనుప కొక్కెం దించేవాళ్లు.
రెక్కలు పరాయి ఓడలకి, మాంసం ఎండుచేపల బజారుకి.
మా ఇంటి రేకుల కప్పు ఒక్క చేప ఖరీదు.
ఆ కొక్కెం ఇంకా ఉంది,
నా భార్య దానికి ఉల్లిపాయల సంచి తగిలిస్తుంది.

ఇప్పుడు దాని మీద చెయ్యేస్తే జైలు,
చూపిస్తే జీతం.
ఆరింటికే బస్సులు.
ఒంటికి రాసుకున్న క్రీము కడుక్కోమంటే
కడుక్కున్నామంటారు,
నీటి మీద తెట్టె ఇంకో మాట చెబుతుంది.
దూరం, దూరం అని అరుస్తూనే ఉంటాను,
ఎవరిదో కాలు తగలనే తగులుతుంది.
ఒక ముసలాయన, ఏ దేశమో,
నీళ్లలోంచి లేచి కళ్లద్దాల లోపలే ఏడ్చాడు.
ఫొటో అడగలేదు.
నా చెయ్యి పట్టుకుని ఊరుకున్నాడు.
అతన్నీ లెక్కలో వెయ్యాలి.
రోవెనా నర్సు చదువు వెయ్యాలి.
డైనమైటుతో చేపల్ని పేల్చే మా బావమరిది
ఇప్పుడు టికెట్లు చింపుతున్నాడు, అదీ వెయ్యాలి.

జువెలిన్ తన లెక్క చదివింది.
ఇది సముద్రాలు దాటి తిరగాల్సిన ప్రాణి,
వెలుగు అందని లోతుకి మునగాల్సిన ప్రాణి,
మా రేవులో మూడొందల రోజులు నిలబడే ఉందట.
పడవ కనిపిస్తే నోరు తెరుస్తుంది.
ఏ పడవైనా.
అందుకే మూతి మీద ఆ గాటు, ఇంజను రెక్కది.
మా రేవు పడవ కాదన్నాను.
కాకపోతే ఏం, అంది,
పడవంటే అన్నమని నేర్పింది మీ రేవే కదా.

తర్వాత లోకమంతా జబ్బు.
బస్సులు ఆగాయి. మేమే గంజి తాగుతున్నాం,
ఉయాప్ ఎక్కణ్ణుంచి తేను?
అలవాటు కొద్దీ పడవేసుకుని పోయాను.
వచ్చింది.
పడవ వెదురు రెక్కకి మూతి ఆనించి
ఠక్. ఠక్.
తలుపంత నోరు,
అందులోకి ఉత్త నీళ్లు పోతున్న చప్పుడు.
ఖాళీ బకెట్ వంచి చూపించాను,
చేపకి బకెట్ చూపించిన మూర్ఖుణ్ణి.

ఆ రాత్రి ఉల్లిపాయల సంచి తీసి పక్కన పెట్టాను.
ఇప్పుడు దూకక్కర్లేదు,
వెతకక్కర్లేదు,
అదే వచ్చి పక్కన నిలబడుతుంది.
నా భార్య ఏమీ అనలేదు.
పొద్దున చూస్తే సంచి మళ్లీ కొక్కేనికి ఉంది.

పదకొండు రోజులు వచ్చింది.
పన్నెండో రోజు నేనే వెళ్లలేదు.

బస్సులు తిరిగొచ్చాయి. తిబుర్సియా రాలేదు.
ఏ దేశం ఫొటోల్లోనూ ఆ చుక్కలు దొరకలేదంది జువెలిన్.
దొరక్కపోవడం మంచిదో చెడ్డదో
ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

నిన్న కొత్తది వచ్చింది, పిల్లది.
మూతి నున్నగా, కడిగిన పలకలా.
పడవకి ఇంకా ఎడంగానే తిరుగుతోంది.
రొయ్యల్లో చెయ్యి ముంచి
అలాగే ఉండిపోయాను.
ఎదుటి పడవలో ఆరుగురు, ఫోన్లు పైకెత్తి.
వెయ్యి, వెయ్యి, అంటున్నారు ఎవరో.